నరికిన చోట నాటుడి

ధ్యాన భాగములు: యిర్మీయా 1:10, మత్తయి 12:43–45, లూకా 13:6–9



ఈ వేసవిలో మన సంఘమునకు చెందిన కొన్ని కుటుంబములు క్రొత్త ఇండ్లకు చేరినవి. ఒకరు ఉద్యోగపు బదిలీ మీద వచ్చిరి. ఒకరు పింఛను పుచ్చుకొని స్వగ్రామమునకు తిరిగి వచ్చిరి. మరియొకరు చాలకాలము తాళము వేసియుండిన పాత ఇంటిని కొని అందులో కాపురము పెట్టిరి. గృహప్రతిష్ఠ ప్రార్థనకు పోయినప్పుడెల్ల ఒక సంగతి కనబడుచున్నది. గోడలకు క్రొత్త సున్నము, తలుపులకు క్రొత్త రంగు, నడవలో వాక్యపు పటము, అంతయు చక్కగానే యుండును. వెనుక తలుపు తెరచి పెరటిలోనికి చూచినయెడల నడుము లోతున గడ్డి, ముండ్లకంప, గోడమీదికి ప్రాకిన తీగలు. బావి గట్టు ఎక్కడనున్నదో తెలియదు. ఇంటి యజమానురాలు కొంచెము సిగ్గుపడి, “ముందు ఇల్లు సర్దుకోనివ్వండి అయ్యగారూ, పెరడు సంగతి తర్వాత చూస్తాం” అని తలుపు చేరవేయును.

ఆ పెరడు సంగతినే ఈ మాసము మనము ధ్యానింతము. ఏలయనగా మనలో ప్రతివానికిని ముందు గది యొకటి, వెనుక పెరడు యొకటి యున్నవి. ముందు గదిని సంఘము చూచును. పెరటిని దేవుడు చూచును, ఇంటిలోనివారు చూతురు.

మనుష్యుని మొదటి పని తోటపని. ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడే ముందుగా తోట వేసి, తరువాత మనుష్యుని అందులో ఉంచెను. అతనికి రెండు పనులు అప్పగించెను: సేద్యము చేయుట, కావలి యుండుట. ఈ రెండింటిలో ఏది మానినను తోట నిలువదు. మూడవ అధ్యాయములో పాపము ప్రవేశించిన పిమ్మట భూమి ముండ్లను, గచ్చపొదలను మొలిపించుట మొదలుపెట్టెను. ఒక భేదమును గమనింపుడి. మామిడి కావలెనన్నయెడల ఎవరైన నాటవలెను. పల్లేరు ముండ్లు ఎవరును నాటనక్కరలేదు. సామెతలు 24వ అధ్యాయములో జ్ఞాని యొక సోమరి తోట ప్రక్కగా నడచిపోయెను. ఆ తోట యజమానుడు దొంగతనము చేసినట్టు అక్కడ వ్రాయబడలేదు, ఎవరిని కొట్టినట్టును లేదు. అతడు కొంచెము నిద్రించెను, అంతే. గోడ పడిపోయెను, నేల నిండ ముండ్లు కప్పుకొనెను. మన ప్రార్థన జీవితము పాడగుటకు పెద్ద పాపము చేయవలసిన పనిలేదు. కొంచెము నిద్ర చాలును.

అయినను పాడుపడిన తోటను గూర్చి దేవుని వాక్యము నిరాశతో మాటలాడదు. నాలుగు పనులు మనకు చూపుచున్నది.

మొదటిది: చూచుట

పాత పెరటిలోనికి క్రొత్తగా వచ్చినవారు మొట్టమొదట చేయదలచునది గొడ్డలి పట్టుకొనుట. అనుభవముగల తోటమాలి అట్లు చేయడు. ముందుగా కర్రతో పొదలను తట్టి చప్పుడు చేయును, ఏలయనగా లోపల పాము ఉండవచ్చును. ఇంటివైపున ప్రారంభించి వెలుపలికి శుభ్రము చేసికొనుచు పోవును; అప్పుడు పురుగు పుట్ర ఇంటిలోనికి రాక బయటికి పోవును. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ తీగ క్రింద ఏ చెట్టు ఉన్నదో చూచును. పాడుపడిన పెరటిలో ఉన్నదంతయు కలుపు కాదు. ముందటి కాపురస్థులలో ఏ అవ్వయో నాటిన కరివేపాకు మొక్క తీగల క్రింద నలుగుచు బ్రదికియుండును. మల్లె అంటు, నిమ్మచెట్టు, మొదలు చీకినట్లున్నను చిగురు వేయుచున్న జామ ఉండవచ్చును.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో దేవుడు యుద్ధమునకు పోవు సైనికులకు సహితము ఒక కట్టడ ఇచ్చెను: పట్టణమును ముట్టడించునప్పుడు ఫలమిచ్చు చెట్టు మీద గొడ్డలి వేయకూడదు. శత్రువుల ఊరి చెట్టునే కాపాడవలసియుండగా, మన ఇంటి చెట్టును ఎంత జాగ్రత్తగా చూడవలెను! మత్తయి 13వ అధ్యాయములోని గృహస్థుడును గురుగులు పెరుకుదుమనిన తన దాసులను ఆపెను. ఆ గురుగులు లేతగా ఉన్నప్పుడు గోధుమవలెనే కనబడును. తొందరపడిన చేయి రెండింటిని పెరుకును.

క్రొత్త కోడలు వచ్చిన ఇంటిలో, క్రొత్త కాపరి వచ్చిన సంఘములో, క్రొత్తగా మారుమనస్సు పొందినవాని ఇంటిలో ఈ మాట అవసరము. అత్తగారు చేసిన పద్ధతులన్నియు కలుపు కావు. పూర్వపు కాపరి నాటినవన్నియు పెరికివేయదగినవి కావు. తలిదండ్రులు నేర్పిన పెద్దల యెడల మర్యాద, అతిథి సత్కారము, కష్టపడి పనిచేయుట, ఇవి తీగల క్రింద దాగిన ఫలవృక్షములు. ఒక నెల చూడుడి, ఒక వాన పడనీయుడి. ఏది చిగిర్చునో చూచి, అప్పుడు కొడవలి పట్టుకొనుడి.

రెండవది: పెరికివేయుట

చూచిన తరువాత జాలిపడి ఊరకుండకూడదు. మన పెరడులలో మూడు రకముల కలుపు విరివిగా కనబడును. ఒక్కొక్కటి ఒక్కొక్క పాఠము చెప్పుచున్నది.

వయ్యారిభామ యను మొక్క ఒకటి. కాంగ్రెసు గడ్డి యని కొందరందురు. ఇది అమెరికా ఖండపు మొక్క. మన దేశములో పూనా యొద్ద కనబడినదని 1956లో ఒక వృక్షశాస్త్రజ్ఞుడు ప్రకటించెను. నేడు అది లేని గట్టు, అది లేని రోడ్డు ప్రక్క అరుదు. తాకినవారిలో అనేకులకు దురద, దద్దుర్లు పుట్టును, పుప్పొడి వలన కొందరికి ఉబ్బసము వచ్చును. చూచుటకు మాత్రము సన్నని ఆకులతో, మల్లెమొగ్గలవంటి చిన్న తెల్లని పూలతో అందముగానే యుండును. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. దీనిని పూయకమునుపే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి గుడ్డ చుట్టుకొని వేళ్ళతో పెరుకవలెను. పూసిన తరువాత పెరికి విసరినయెడల విత్తనములను మనమే చల్లినవారమగుదుము. చాడీ మాట ఇట్టిది. అది మన నోటిలో మొగ్గగా ఉన్నప్పుడే పెరికివేయవలెను. వీధిలో పూసిన తరువాత దానిని ఏరుకొనుటకు ఎన్ని క్షమాపణలు చెప్పినను చాలవు.

రెండవది తుంగ. పైకి పట్టి లాగిన ఆకు సులువుగా ఊడివచ్చును, నేల శుభ్రమైనట్లు కనబడును. అడుగున మాత్రము తుంగముస్తలు దారమునకు గ్రుచ్చిన పూసలవలె ఒకదానికొకటి అంటుకొనియుండును. వారము తిరుగకమునుపే అదే చోట మరల పచ్చని మొనలు లేచును. హెబ్రీ పత్రిక 12:15లో చేదైన వేరు ఒకటి మొలచి అనేకులను చెరపునని అపొస్తలుడు హెచ్చరించుచున్నాడు. అన్నదమ్ముల మధ్య పొలము గట్టు తగవు, పెండ్లిలో జరిగిన అవమానము, సంఘపు ఎన్నికలో మిగిలిన పగ, ఇవి తుంగముస్తలు. క్రిస్మసు నాడు కరచాలనము చేసినంతమాత్రమున ఆకు తెగును గాని ముస్త పోదు. పారతో లోతుగా త్రవ్వి, మన్ను జల్లించి, ఒక్కొక్క ముస్తను ఏరి ఎండలో పోయవలెను. అనగా కూర్చుండి, జరిగినదానిని పేరుపెట్టి చెప్పి, ఒకరినొకరు క్షమించవలెను. అది నడుము నొప్పి పుట్టించు పని.

మూడవది సర్కారు తుమ్మ. దీని చరిత్ర మన తెలుగువారు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. 1877లో మన కడప ప్రాంతమునకే దీని విత్తనములు మొదట తెప్పించిరి. కీడు చేయుటకు కాదు. మెట్టనేలలు పచ్చబడుననియు, బీదలకు వంటచెరకు దొరుకుననియు మంచి తలంపుతో తెచ్చిరి. వంటచెరకు దొరికినది నిజమే. కాని మేకలు, పశువులు ఆ కాయలు తిని పోయినచోటనెల్ల పేడలో గింజలు మొలచినవి. చెరువు గర్భములు, బీళ్ళు, పాడింటి దొడ్లు దానితో నిండిపోయినవి. మోకాలెత్తున నరికినయెడల చచ్చునని తలంపవద్దు. ఒక్క కాండము పోయి మొదలు చుట్టు పది కొమ్మలు లేచును. గునపము పట్టుకొని మొదలు చుట్టు త్రవ్వి, దుంపతో సహా లేవదీయవలెను.

మంచి కొరకని ఇంటికి తెచ్చుకొన్నది ఇంటినే మ్రింగివేయుట మనము చూచుచునే యున్నాము. ఒళ్ళు నొప్పులు తగ్గుటకని మొదలుపెట్టిన సారా ఎన్ని కాపురములను కూల్చినది! కష్టములో ఆదుకొనునని తెచ్చిన వడ్డీ అప్పు ఎందరి పొలములను మ్రింగినది! “కొంచెమే కదా, అవసరమునకే కదా” అనునది తుమ్మ గింజ.

మూడవది: నాటుట

ప్రియులారా, ఈ ప్రసంగమునకు ఇదియే నడిమి స్తంభము. పెరికివేసినంత మాత్రమున తోట కాదు.

కలుపు తీసిన నేలను అట్లే విడిచిపెట్టినయెడల ఏమగునో రైతులకు తెలియును. మొదటి వాన పడగానే ముందటికంటె దట్టముగా మొలచును. కారణమేమనగా, ఏండ్ల తరబడి మంటిలో కప్పబడి నిద్రించుచుండిన గింజలు మన పార తిరుగవేయుట వలన పైకి వచ్చి వెలుతురు చూచును. చాలరకముల కలుపు గింజలకు ఆ కొంచెము వెలుతురే మేలుకొలుపు. పైన నీడనిచ్చు పైరు లేదు గనుక వాటికి అడ్డు లేదు.

మన ప్రభువు మత్తయి 12:43–45లో చెప్పిన సంగతి ఇదే. ఒక మనుష్యుని విడిచి అపవిత్రాత్మ పోయెను. తిరిగి వచ్చి చూచినప్పుడు ఆ ఇల్లు ఊడ్చబడి అలంకరింపబడి యుండెను. అంతవరకు మంచిదే. ఒక్క లోపము ఉండెను: ఆ ఇల్లు ఖాళీగా ఉండెను. అప్పుడది తనకంటె చెడ్డవి ఏడింటిని తోడు తెచ్చుకొని కాపురము పెట్టెను. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటిదానికంటె చెడ్డదాయెను. ఊడ్చినందుకు కాదు ఆ నాశనము, నింపనందుకు.

మన రాష్ట్ర చరిత్రయే దీనికి సాక్ష్యము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచుండిన పేద స్త్రీలు సారా అంగళ్ళకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము జిల్లాలన్నిటికి ప్రాకెను. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ స్త్రీల ధైర్యమును దేవుడు మరువడు. మనము నేర్చుకొనవలసిన పాఠ మేమనగా, చట్టము నరుకగలదు, చట్టము నాటలేదు. తన గ్లాసు క్రింద పెట్టిన మనుష్యునికి సాయంకాలము ఆరు గంటలకు ఏమి చేయవలెనో చట్టము చెప్పదు. అది ఇంటివారి పని, సంఘము పని.

ఒక సహోదరుని సంగతి చెప్పెదను. పేరు, ఊరు అక్కరలేదు. ఆయన తాపీపని చేయువాడు. నడుము నొప్పికని త్రాగుట మొదలుపెట్టి, తరువాత నొప్పి లేని దినమును త్రాగెను. ఉజ్జీవ కూటములలో కన్నీటితో తీర్మానము చేసికొని మానెను. పగలంతయు పనిలో బాగుగనే యుండెను. పొద్దుగ్రుంకినప్పుడు కాళ్ళు తమంతట తామే పాత దారి పట్టుచున్నవని ఆయనే చెప్పెను. అప్పుడాయన భార్య ఒక పని చేసెను. అంగడి ప్రక్కనున్న అద్దె ఇల్లు విడిచి, ఊరి చివర ఆమె పుట్టింటివారికి చెందిన పాడింటికి కాపురము మార్చెను. పెరడు నిండ సర్కారు తుమ్మ. ఆమె ఆయన చేతికి గునపమిచ్చి, “దీపాలు పెట్టే వేళకి రోజూ ఒక మొద్దు తియ్యి. తీశాకే అన్నం” అనెను. నలువది దినములు మొద్దులు తీయుటకే పట్టెను. తరువాత గుంటలు, తరువాత మొక్కలు, తరువాత నీళ్ళు. సాయంకాలపు ఆరు గంటలకు ఆయన కాళ్ళకు ఒక చోటు దొరికెను. అప్పుడు చదువుచున్న కుమారుడు గట్టు మీద కూర్చుండి కీర్తన యొకటి చదువును, తండ్రి బిందెతో నీళ్ళు పోయును.

ఎఫెసీ పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు భక్తుడు ఇదే పద్ధతి నేర్పుచున్నాడు. ఎక్కడ విడువుమని చెప్పునో అక్కడనే పట్టుకొనవలసినది చూపును. అబద్ధము మానుమని చెప్పి, పొరుగువానితో సత్యము పలుకుమనును. దొంగతనము మానుమని చెప్పి అంతటితో ఆగడు. ఆ చేతులతోనే కష్టపడి, లేనివానికి పెట్టుమనును. దొంగ చేయి ఖాళీగా ఉన్నంతకాలము దొంగ చేయియే. అది ఒకనికి అన్నము పెట్టిననాడు బాగుపడినది.

నాటుటకును ఒక క్రమమున్నది. వేసవిలోనే గుంట త్రవ్వవలెను. కొబ్బరికి, మామిడికి మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు త్రవ్వి, పై మన్ను ఒక ప్రక్క, అడుగు మన్ను ఒక ప్రక్క పోసి కొన్నివారములు ఎండనీయవలెను. తరువాత పై మంటిలో బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. పచ్చి పేడ వేయకూడదు. చెదలు పట్టును, అందులోని కలుపు గింజలు మొలచును. తొలకరి పడి నేల చల్లబడిన తరువాత మొక్క పెట్టవలెను. కొబ్బరి మొక్కకును మొక్కకును ఇరువదియైదు అడుగుల ఎడముండవలెను. చిన్న మొక్కలు అంత దూర దూరముగా నిలుచుట చూచినవారికి నవ్వు వచ్చును. పదిహేను ఏండ్ల తరువాత నవ్వు రాదు. అంతవరకు మధ్యనున్న నేలను ఖాళీగా విడువక జనుమో, అలసందలో చల్లుదురు. జనుము పూతకు వచ్చినప్పుడు దానిని నేలలోనే కలియదున్నిన ఎరువగును.

ఆత్మీయ జీవితమును ఇట్లే నాటవలెను. పచ్చి ఉద్రేకము పచ్చి పేడవంటిది. క్రొత్తగా తిరిగినవానికి ఒక్క వారములో వేదికయెక్కి సాక్ష్యము చెప్పుట, ఉపవాసము, పాటకూటమి, కమిటీ పని అన్నియు అంటగట్టవద్దు. ఒక్క చిన్న మొక్క నాటుడి: భోజనమునకు ముందు కుటుంబ ప్రార్థన. అది నిలచిన తరువాత రెండవది: దినమునకు ఒక అధ్యాయము. తరువాత మూడవది: వారపు కూలిలో దేవుని భాగము. దూర దూరముగా నాటుడి, అవి పెరుగును.

నాటుచున్నప్పుడు “ఇది మా స్వంత ఇల్లు కాదు కదా” అని వెనుకాడవద్దు. బదిలీల మీద తిరుగు ఉపాధ్యాయులు, కాపరులు, అద్దె ఇండ్లవారు ఇట్లు తలంచుట సహజము. యిర్మీయా 29వ అధ్యాయములో బబులోనుకు చెరపట్టబడినవారికి ప్రవక్త ఒక ఉత్తరము వ్రాసెను. అది పరదేశము, శత్రువుల దేశము. అయినను ఇండ్లు కట్టుకొని కాపురముండుడనియు, తోటలు వేసి వాటి ఫలము తినుడనియు దేవుడు వారికి సెలవిచ్చెను. పూర్వపు కాపరి నాటిన మునగకాయలు మనము వండుకొనుచున్నాము. మనము నాటినది రాబోవువారు వండుకొందురు గాక.

నాలుగవది: కనిపెట్టుట

లేవీయకాండము 19వ అధ్యాయములో ఇశ్రాయేలీయులకు ఒక చట్టమున్నది. క్రొత్త దేశములో చెట్టు నాటినప్పుడు మూడు సంవత్సరములు దాని ఫలము తినకూడదు. నాలుగవ సంవత్సరపు ఫలము యెహోవాకు ప్రతిష్ఠితము. అయిదవ సంవత్సరమున తినవచ్చును. నాటిన ఏడాదికే బుట్ట పట్టుకొని చెట్టు క్రింద నిలిచే మనకు ఈ చట్టము మంచి మందు.

ఆ తాపీపని సహోదరుడు రెండవ సంవత్సరపు సంక్రాంతికి మరల పడెను. మూడు దినములు ఇంటికి రాలేదు. సంఘ పెద్దల కూటములో ఆయన పేరు ప్రభురాత్రి భోజనపు పట్టీలోనుండి శాశ్వతముగా తీసివేయవలెనని కొందరనిరి. వారి మాటలోను న్యాయమున్నది. సంఘము నవ్వులపాలు కాకూడదు కదా. అప్పుడు వెనుక చాపమీద కూర్చున్న ముసలి విధవరాలు ఒకామె లేచి, “అయ్యగారూ, పోయినేడు నాటిన నిమ్మమొక్క ఎండకి వాడిందని పీకేస్తామా? ఇంకో బిందె ఎక్కువ పోస్తాం గాని” అనెను. ఆమెకు చదువు రాదు. లూకా 13వ అధ్యాయములో తోటమాలి తన యజమానునితో ఆడిన మాటకు దగ్గరగానే ఆమె మాటలాడెను. మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరుకుమన్నప్పుడు ఆ తోటమాలి మరియొక సంవత్సరము అడిగెను. వట్టిగా అడుగలేదు; చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని తన కష్టమును జామీనుగా పెట్టెను. ఆ ఉపమానములో చెట్టు తుదకు కాచెనో లేదో ప్రభువు చెప్పక విడిచెను. ఆ ప్రశ్నకు జవాబు సంఘము చేతిలో, వినువాని చేతిలో ఉన్నది.

కనికరమనగా పాపమును చూచి కన్ను మూసికొనుట కాదు. పెద్దలు ఆ సహోదరుని గద్దించిరి. కొంతకాలము బల్లకు దూరముగా ఉంచిరి. దానితోకూడ ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని ప్రతి సాయంకాలము ఆ పెరటికి పోయి కూర్చుండిరి. గద్దింపు కొడవలి, సహవాసము నీళ్ళు. ఒకటి మాత్రమే పట్టుకొన్న సంఘము తోట పెంచలేదు. ఇప్పుడు నాలుగవ సంవత్సరము నడచుచున్నది. నిమ్మ కాయలేదు, పూత మాత్రము వచ్చినది. రేపటి సంగతి ఆయనకును తెలియదు, మనకును తెలియదు. ఆయన ఈ సాయంకాలము నీళ్ళు పోయుచున్నాడు.

మరల మరల నాటిన ఒక దైవజనుని జ్ఞాపకము చేసికొందము. విలియం కేరీగారు 1793లో బంగాళమునకు వచ్చి, 1794లో సుందరవనముల అంచున అడవి నరికి గుడిసె వేసికొనుటకు పూనుకొనెను. 1800లో శ్రీరాంపూరు చేరిన తరువాత అక్కడ గొప్ప తోట వేసెను. తెల్లవారుజామున ఆ తోటలోనే ప్రార్థించెడివాడు. 1812 మార్చిలో ముద్రణాలయము తగులబడి యెన్నో ఏండ్ల వ్రాతప్రతులు, అచ్చు అక్షరములు బూడిదయ్యెను. ఆయన కూర్చుండి మరల వ్రాసెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరునుండి వెలువడినవి. 1823లో వరద వచ్చి తోటను పాడుచేసెను. అరువది దాటిన ఆ వృద్ధుడు మరల నాటెను. ఇంగ్లండునుండి విత్తనములు వచ్చిన సంచిని ఆయన ఒకసారి నీడ పట్టున దులిపెను. అందులోని చిటికెడు మంటిలోనుండి తన పుట్టినదేశపు చిన్న డెయిజీ పువ్వు మొలచుట చూచి చిన్నపిల్లవానివలె సంతోషించెను. మంటిలో దాగినవన్నియు కలుపు గింజలే కావు. దేవుడు దాచిన మంచి గింజలును ఉండును. 1834లో చనిపోవుటకు ముందు ఆయనకు ఒక దిగులు పట్టెను: తాను పోయిన తరువాత సహోదరుడు మార్ష్‌మన్ ఆ తోటలోనికి ఆవులను తోలునేమో యని. ఆ తోటను కాపాడుట తన పవిత్రమైన విధిగా ఎంచుదునని మార్ష్‌మన్ గారు ధైర్యము చెప్పిరి. సేద్యము చేయువాడు ఒకడు, కావలి యుండువాడు మరియొకడు. ఏదెనులో అప్పగింపబడిన రెండు పనులును అక్కడ కలిసినవి.

ప్రియ చదువరులారా, ఈ మాసమున మూడు పనులు చేయుడి. ఒకటి: మీ ఇంటి పెరటిలో నిజమైన కలుపును వయ్యారిభామ పూయకమునుపే తీసి, ఆ చోట ఒక మునగకొమ్మయో, కరివేపాకు మొక్కయో పెట్టుడి, ఖాళీగా విడువవద్దు. రెండు: మీ హృదయములో నరికి, నాటక విడిచిన చోటు ఏదో ప్రార్థనలో వెదకి, అక్కడ ఒక్క చిన్న మంచి పనిని నాటుడి. మూడు: మీ వీధిలో ఒకసారి లేచి పడినవాడు ఎవడైన ఉన్నయెడల, సాయంకాలము ఆరు గంటలకు పోయి అతని గట్టు మీద కూర్చుండుడి.

పునరుత్థాన దినమున ఉదయమున మగ్దలేనే మరియ ప్రభువును చూచి తోటమాలి యనుకొనెను. యోహాను 20:15లో అది వ్రాయబడియున్నది. ఆమె పొరబడినది నిజమే, అయినను పూర్తిగా పొరబడలేదు. ముండ్లను తన తలమీద ధరించినవాడు, ముండ్లు మొలచిన ఈ లోకపు తోటలో మరల పనికి పూనుకొనియున్నాడు. యెషయా 55వ అధ్యాయము కడపటి వచనములో ముండ్లపొద ఉన్నచోట దేవదారు, దురదగొండి ఉన్నచోట గొంజి చెట్టు లేచునని వాగ్దానమున్నది. నరికివేసి వట్టి నేల మిగుల్చునని కాదు, ఆ చోటనే చెట్టు మొలచునని.

ప్రార్థింతము. పరలోకపు తోటమాలీ, మాలో నీవు నాటనిదానిని పెరికివేయుము. పెరికిన చోటును ఖాళీగా విడువక నీ ఆత్మతో నింపుము. వాడిన మొక్కకు ఒక బిందె ఎక్కువ పోయు ఓర్పు మాకిమ్ము. మరియొక సంవత్సరము మాకిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.